ఉత్తరపు గోడ నుంచి వచ్చిన వెలుతురు

దయ్యం కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. లాల్‌దర్వాజాలో పుట్టి పెరిగినదాన్ని. మా గల్లీలో పాతింటికో కథ ఉంది. ఒక్కటీ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కానీ ఆ రోజు నా టేబుల్ మీద పడిన వెలుతురును ఏమనుకోవాలో మాత్రం తెలియడం లేదు.

మా బాపు ముత్యాలకు జతలు కలిపేవాడు. రంగు, మెరుపు ఒకేలా ఉన్నవి ఏరి పేటలుగా గుచ్చడం ఆయన పని. చార్మినార్ దగ్గరి దుకాణాల్లో బాపు వస్తే కుర్చీ వేసేవాళ్లు. నాకు పని నేర్పింది ఆయనే. ఉత్తరపు కిటికీ పక్కన తెల్ల గుడ్డ పరిచి, పగటి వెలుతురులో తప్ప ముత్యం ముట్టనిచ్చేవాడు కాదు. "బల్బు కింద అన్నీ ఒక్కతీరే కనవడ్తయ్ బిడ్డా" అనేవాడు.

తర్వాత పక్కింటివాళ్లు మా గోడకి ఆనించి మూడంతస్తులు లేపారు. కిటికీని ఇటుకలతో మూసేశాం. బాపు తన గుడ్డ తీసుకుని మేడ మీదకు మారాడు. పోయేదాకా అక్కడే పనిచేశాడు.

ఆయన పోయాక, ఆయన పనిచేసిన దుకాణం సేఠ్ నాకు ఇంటి నుంచే చేసే ఉద్యోగం ఇచ్చాడు. ముత్యాల ఫొటోలు తీయడం, వీడియో కాల్‌లో కొనేవాళ్లకు చూపించడం. కిటికీ మూసేసిన ఆ బాపు గదినే ఆఫీసు చేసుకున్నాను. జతలు కలిపే పని మాత్రం ఎంత అడిగినా ఇవ్వలేదు. చివరికి నా పోరు పడలేక ఒక పెళ్లి కోసం సత్‌లడా, అంటే ఏడు పేటల హారం, కూర్చే పని చేతిలో పెట్టాడు.

"గిది మంచిగొస్తె మీ బాపు పనంత నీదే. లేకుంటె బేటీ, ఫోన్ల పనే చేస్కో" అన్నాడు.

నాకు రోషం వచ్చింది. బాపు కూతుర్ని, నాకు పరీక్షా!

లైటు దగ్గరే చిక్కుపడ్డాను. పసుపు బల్బు పెడితే ముత్యాలన్నీ మీగడ రంగులోకి తిరిగాయి. తెల్ల ట్యూబు పెడితే గులాబీ ఛాయ ఉన్నవి కూడా పాలిపోయాయి. పైన దీపం పెడితే నా తల నీడే గుడ్డ మీద. కుడి పక్కన టేబుల్ ల్యాంపు బిగిస్తే చేతి నీడ సరిగ్గా ముత్యం మీద.

"నువ్వు ఆఫీసు పెడ్తున్నవా, లైట్ల దుకాణం పెడ్తున్నవానే?" అంది అమ్మ.

మేడ మీదకు పోదామంటే ముసురు. రోజుల తరబడి ఎండ జాడ లేదు. హారం ఇవ్వాల్సిన రోజు పొద్దున్నే కరెంటు కూడా పోయింది. మేం ఇన్వర్టర్ పెట్టించుకోలేదు. చీకటి గదిలో సగం గుచ్చిన పేటలు ముందేసుకుని కూర్చున్నాను. ఏడుపొచ్చింది. బాపు పేరు నా చేతుల్లోనే పోతుందనిపించింది.

కాసేపటికి గుడ్డ మీద వెలుతురు పడింది. హమ్మయ్య, కరెంటొచ్చింది అనుకుని పనిలో పడ్డాను. అంతకుముందు ఒకేలా ఉన్న ముత్యాల్లో గులాబీవి, పాలరంగువి విడివిడిగా కనిపించాయి. కలిసిపోయినవాటిని తీసేసి మళ్లీ గుచ్చాను. చెయ్యి ఎక్కడా ఆగలేదు. మధ్యలో అమ్మ చాయ్ పెట్టి, "కరెంటొచ్చిందానే?" అంది. తలెత్తకుండా "ఆఁ" అన్నాను.

చివరి ముడి వేసి తలెత్తాను. ఫ్యాను తిరగడం లేదు. ల్యాంపు స్విచ్చి ఆపేసే ఉంది. గది మళ్లీ చీకటిగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. పని చేస్తున్నంతసేపూ నా చేతి నీడ కుడివైపు పడింది. అంటే వెలుతురు ఎడమ నుంచి వచ్చింది. ఎడమవైపు ఉన్నది ఆ మూసేసిన కిటికీ గోడ. లేచి తడిమి చూశాను. ఎక్కడా పగులు లేదు. దాని అవతల పక్కింటివాళ్ల స్నానాలగది.

మా గల్లీకి సాయంత్రం దాకా కరెంటు రాలేదు. "మరి నీ గదిల ఉండె గదనే! నేను జూసిన గద!" అని అమ్మ ఇప్పటికీ అంటుంది.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక హారం తీసుకుని దుకాణానికి వెళ్లాను. సేఠ్ దాన్ని గుమ్మం బయటకు తెచ్చి, ఒక్కో పేటనూ వేళ్ల మీద తిప్పుతూ చూశాడు.

"అరే, గిది మీ బాపు చెయ్యే!" అన్నాడు. మళ్లీ ఒకసారి చూసి, "బల్బు కింద గిట్ల రాదు. ఏ కిడ్కీ కాడ కూసున్నవ్ బేటీ?" అని అడిగాడు.

జవాబు కోసం ఆగకుండానే లోపలికి చూసి, నాకు కుర్చీ వేయమని కేకేశాడు. అంత గర్వం నేను జన్మలో ఎరగను.

ఇప్పుడు ఆ పనంతా నాదే. పగటి రంగు వెలుతురిచ్చే ల్యాంపు ఒకటి కొని, ఎడమవైపు ఆ గోడకే బిగించాను. అది మంచిదే, పని సాగుతోంది. కానీ ఆ పొద్దున కనిపించినంత స్పష్టంగా దాని కింద ఎన్నడూ కనిపించలేదు. ఆ హారం కూర్చిన కన్నూ నాదే, చెయ్యీ నాదే, అందులో ఎవరికీ వాటా ఇవ్వను. వెలుతురు మాత్రం నాది కాదు.