కమ్మీలు ఊగిన వేసవి

నా ఉద్యోగం తిన్నని గీతల్ని పాడుచేయడం. ఇలా చెబితే మా నాన్నకి కోపం వస్తుంది గానీ, ఇంతకన్నా తేలిగ్గా చెప్పడం నాకు చేతకాదు. వీధిలో తీసిన వీడియో ఇస్తే, ఎవరో కుంచె పట్టుకుని నీళ్ళరంగులతో వేసినట్టుండే కదిలే బొమ్మను కంప్యూటర్ చేత గీయించాలి. అదే నా పరిశోధన. కంప్యూటర్ గీత మరీ తిన్నగా ఉంటుంది, అందులో మనిషి చెయ్యి కనిపించదు. ఆ చేతి వణుకునీ తడబాటునీ దానికి నేర్పడంలో నాకు ఆరేళ్ళు గడిచాయి. ఈ పిచ్చిలో పడి, నేను అద్దెకున్న ఇంటావిడ ఎడమ కన్ను పోతుంటే పక్కనే కూర్చుని కూడా తెలుసుకోలేకపోయాను. నేను రాయాల్సింది దాని గురించే.

నేనుండేది బెంగళూరు హూడిలో, ఆవిడ ఇంటి మేడమీద గదిలో. ఫిబ్రవరి మధ్యాహ్నాల్లో ఆ గదిలో కూర్చుంటే నిద్రా కాదు, మెలకువా కాదు. కిటికీ బయట చెట్టుకి ఒక్క ఆకు లేకుండా గులాబీరంగు పూలు. తెరమీద అదే వీధి, అవే పూలు, కాకపోతే తడి రంగుల్లో. ఆటో వస్తుంటే దాని అంచులు కాస్త కరిగి మళ్ళీ సర్దుకునేవి. కొబ్బరిబోండాలతను కత్తి ఎత్తితే, ఎత్తినచోట పసుపు మరక ఒకటి క్షణం నిలిచి ఆరిపోయేది. ఏది బయటి వీధో ఏది నా వీధో, కాసేపు చూస్తే నాకే తెలిసేది కాదు.

సరిగ్గా ఆ వేళకి ఇంటావిడ మజ్జిగ గ్లాసుతో మెట్లెక్కి వచ్చేది. బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళకు పైగా చెకింగ్ చేసి మానేసిన మనిషి. కుట్టు ఒక్క దారం పక్కకి పోయినా చొక్కాని వెనక్కి విసిరేసేదట. మొదట్లో నా గీతలు చూస్తే ఆవిడకి ఒళ్ళుమంట.

“ఏమప్పా, ఇంత చదివి ఇట్లనా గీసేది? మా లైన్‌లో అయితే విప్పి మళ్ళ కుట్టమంటా ఉంటి” అనేది.

నాకు చిర్రెత్తుకొచ్చేది. “ఇది కుట్టు కాదు ఆంటీ, కళ!” అనేవాణ్ణి. “కళనో కిళనో” అని నవ్వి గ్లాసు పెట్టి వెళ్ళేది.

ఒకరోజు తెరమీద మా ఇంటి గేటే ఉంది. ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుని, మెడ సాచి చూసింది. “అరే! మా గేటు నాకు అచ్చం ఇట్లే కనపడతాదప్పా. నడుమ కమ్మీలు వంగి, నీళ్ళలో ఉన్నట్ల ఊగతా ఉంటాయి” అంది.

ఎగిరి గంతేశాను. జీవితమంతా తిన్నని కుట్టు కోసం వెతికిన మనిషి, నా వంకర గీతలో తన గేటుని చూసింది! ఇంకేం కావాలి? ఆ మాటని అక్కడికక్కడే పుస్తకంలో రాసుకున్నాను. ఆ ఊపులో నేనే టీ పెట్టి ఆవిడకి ఇచ్చాను. మర్నాడు ల్యాబ్‌లో చెబితే ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నా మొహం! అంత సూటిగా చెప్పిన మాట నాకు పొగడ్తలా వినిపించింది.

అక్కణ్ణుంచి ఆవిడే నా గురువు. “ఇంగా సొల్ప వంచు. పక్కన కాదప్పా, నడుమ. ఇక్కడ రంగు మాసినట్ల ఉండల్ల” అని చెబుతుంటే అలాగే సవరించేవాణ్ణి. బొమ్మ బాగుపడేది, ఒట్టు. నడుమ కరిగి అంచుల్లో మాత్రం నిలిచే ఆ వీధిని చూస్తుంటే మనసు ఎక్కడికో తేలిపోయేది. ఫ్యాన్ తిరిగేది, బయట పూలు రాలేవి, మేమిద్దరం తెర చూస్తూ కూర్చునేవాళ్ళం. అంత హాయైన మధ్యాహ్నాలు నా జీవితంలో మళ్ళీ రాలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఒకసారి గ్లాసుని బల్ల అంచుకి అవతల పెట్టింది. మజ్జిగంతా నా కాళ్ళమీద. “అద్దాలు కొత్తవప్పా, కొడుకు తెచ్చినాడు, ఇంగా కుదురుకోలా” అంది. నేను నవ్వేసి, నేల తుడిచి, మళ్ళీ తెరవైపు తిరిగాను.

జూన్ మొదట్లో, వాన వెలిసిన ఒక మధ్యాహ్నం, కొత్తగా చేసినదొకటి ఆవిడకి చూపించాను. మీట నొక్కితే గీతలన్నీ తిన్నగా అవుతాయి, మళ్ళీ నొక్కితే ఊగుతాయి. “మళ్ళ నొక్కు” అంది. నొక్కాను. “మళ్ళ.” అలా నాలుగైదు సార్లు. ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

“తీసేదెట్లో నీకు తెలుసు కదప్పా” అంది చివరికి. “నాకూ తియ్యి.”

“ఏం తీయాలి ఆంటీ?”

“ఈ వంకర. కుడి కన్ను మూస్తే నాకు అంతా నీ బొమ్మే. అద్దాలు మార్చినా పోలా. చేసినోడివి, తీసేది నీకు తెలిసుంటాదని అడగతా ఉండా.”

ఆవిణ్ణి నా ఎదురుగా కూర్చోబెట్టి, కుడి కన్ను అరచేత్తో మూయమన్నాను. “నన్ను చూడండి. ఏం కనిపిస్తోంది?”

“చెవులుండాయి. జుట్టుండాది.” కాసేపు వెతికింది. “మొగం లేదు.”

నాలుగు నెలలుగా తన జబ్బుని ఆవిడ అంగుళం అంగుళం చూపిస్తుంటే, నేను కళ అనుకుని రంగులద్దుతూ కూర్చున్నాను.

ఆ సాయంత్రమే కళ్ళాసుపత్రికి బయల్దేరాం. ఆటోలో ఆవిడ కుడి కన్ను మూస్తూ తెరుస్తూ రోడ్డు చూసింది. “చూడప్పా, ఆ బస్సు నడుమ తెగిపాయె. ఇప్పుడు అతుక్కునె” అని దారంతా చెబుతూనే ఉంది, ఇన్నాళ్ళకి వినేవాడు దొరికినట్టు. డాక్టరమ్మ పరీక్ష చేసి, కంటి లోపలి పొర నడిమిభాగంలో నెత్తురు ఊరుతోందంది. ఎడమ కంటికి నడిమి చూపు ఇక రాదు. కుడి కంట్లో ఇప్పుడే మొదలవుతోంది, ఇంజెక్షన్లతో దాన్ని నిలబెట్టవచ్చు. “రెండు మూడు నెలల ముందు వచ్చుంటే ఎడమది కూడా చాలావరకు నిలిచేది” అంది, ఎవర్నీ తప్పుపట్టకుండా. నేను ఫిబ్రవరి నుంచి వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాను.

వీధిలో ఆవిడ నన్ను దేవుణ్ణి చేసేసింది. పాలబూత్ దగ్గర, కూరగాయల బండి దగ్గర, ఎవరు కనిపిస్తే వాళ్ళకి ఒకటే కథ. “మేడమీద అబ్బాయే కనిపెట్టినాడు. లేకుంటే రెండూ పోయుండేవి.” వాళ్ళబ్బాయి పైకొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా నోరు విప్పలేదు.

మూడో ఇంజెక్షన్‌కి నేనే తీసుకెళ్ళాను. నర్సు కళ్ళలో చుక్కలు వేసి, పిలిచేదాకా రెండు కళ్ళూ తెరవొద్దని చెప్పి, మమ్మల్ని బయట కుర్చీల్లో కూర్చోబెట్టింది. ఆవిడ కళ్ళు మూసుకుని ఉండటం చూశాక నాకు కాస్త ధైర్యం వచ్చింది.

“ఆంటీ, నేనేం కనిపెట్టలేదు. గేటు ఊగుతోందని మీరు ఫిబ్రవరిలోనే చెప్పారు. నా బొమ్మని మెచ్చుకుంటున్నారనుకున్నాను.”

“తెలుసప్పా” అంది. తల కూడా తిప్పలేదు.

“తెలుసా?”

“ఆ పొద్దు నువ్వెంత సంతోషపడితివి! రాసుకుంటివి, టీ పెట్టి ఇస్తివి. అంత సంతోషంలో ఉన్నోడికి, కాదప్పా, ఇది నా కంటి బాధ అని ఎట్ల చెప్పేది? మళ్ళ రెండు మూడు తూర్లు చెప్దామనే మెట్లెక్కినా. నువ్వేమో ‘ఇలానా ఆంటీ, ఇలానా’ అని చిన్నపిల్లోని మాదిరి అడగతా ఉంటివి. చెప్పలేక దిగొచ్చేస్తా ఉంటి.”

లోపలినుంచి ఎవరి నంబరో పిలిచారు, మాది కాదు. ఆవిడ గాల్లో తడిమి నా మణికట్టు పట్టుకుంది.

“ఏమప్పా, పలకవు? కండ్లు తెరవగూడదన్నారు, నీ మొగం నాకు కనపడదు. ఏమైందో నోటితో చెప్పు.”

“ఏడుస్తున్నాను ఆంటీ” అన్నాను.