గ్రాపుల్ అంటే మా పాతాళగరిగే

“పట్టుకున్నావా?” అన్నాడు మా ఆయన. “పట్టుకున్నాలేవయ్యా, పడుకో” అన్నాను, ఆయన చెయ్యి వదలకుండా. మా ఇద్దరి మధ్యా నడిచిన ఆఖరి మాటలు అవే.

నిన్న మా మనవరాలు ఇంగ్లీషు పాఠం చదువుకుంటూ ‘గ్రాపుల్’ అనే మాట దగ్గర ఆగింది. పెనుగులాడటం అని అర్థమట. మనిషితోనే కాదు, జబ్బుతోనో తెగని ఆలోచనతోనో పెనుగులాడినా ఆ మాటే వాడతారట. అది ఎక్కణ్ణుంచి పుట్టిందో చూడమని ఫోనులో బొమ్మ చూపించింది. పూర్వం ఓడల మీదికి విసిరి లాగే ఇనుప కొక్కేల గుత్తి. చూడగానే నాకు నవ్వాగలేదు. బావిలో పడ్డ బిందెలూ చేదలూ తీసే మా పాతాళగరిగ అచ్చం అలాగే ఉండేది. నాలుగు అక్షరాలు కూడబలుక్కోవడం తప్ప చదువు రానిదాన్ని, అందుకే ఇదంతా నేను చెబుతుంటే తను రాస్తోంది.

ప్రత్తిపాడు పక్కన అత్తవారి ఊరికి నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో, మిరపకోతల రోజుల్లో, అత్తగారు వినుకొండలో చుట్టాలింటికి వెళ్లి ఉండగా, ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి బిందె ముడి వీడి బావిలో పడిపోయింది. ఆవిడ సాయంత్రం బస్సుకు వచ్చేస్తారు. ఈలోగా బిందె పైకి రాకపోతే, కొత్త కోడలికి తాడు ముడి వెయ్యడం కూడా రాదన్న మాట ఊరంతా పాకుతుంది.

పాతాళగరిగ ఊళ్లో పెదమామగారింట్లో ఒక్కటే ఉండేది. మన ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, దాన్ని ఊరికే ఇవ్వరు. తిరిగి ఇచ్చేదాకా హామీగా మన గిన్నె ఏదైనా వాళ్లింట్లో పెట్టి తెచ్చుకోవాలి. అత్తగారి సామానులో ఏది తీసినా ఆవిడ కనిపెడతారని నేను బిక్కచచ్చిపోతుంటే, ఆయన తను అన్నం తినే కంచాన్నే చొక్కా కింద దాచుకుని వెళ్లి గరిగ తెచ్చాడు.

ఇక మా పెనుగులాట చూడాలి. ఆయన బావిలోకి వంగి గరిగను కదిలిస్తుంటే, వెనక తాడు కొస పట్టుకుని నేను. ఏదో తగులుకుంటుంది, బరువు తెలుస్తుంది, సగం దాకా వచ్చి జారిపోతుంది. పట్టుకున్నావా అని ఆయన, పట్టుకున్నానని నేను. పెళ్లయ్యాక పగటిపూట మేమిద్దరం అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు. చివరికి ఒకటి గట్టిగా పట్టింది. తీరా లాగితే బిందె కాదు, పాచిపట్టిన రాగి చెంబు.

దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుండగానే వెనక అత్తగారు. ముందు బస్సుకే వచ్చేశారు. ఆవిడ మాత్రం బిందె సంగతే ఎత్తకుండా చెంబు అందుకుని, కొంగుతో పాచి తుడిచి, పకపకా నవ్వారు.

“నేను కాపరానికొచ్చిన ఏడు పడేశానే దీన్ని. కోతి ఎత్తుకుపోయిందని చెప్పా మా అత్తకి.”

అని, కొంగు బిగించి ఆవిడా తాడు పట్టారు. పొద్దు వాలేవేళకు బిందె వచ్చింది. దీపాలు పెట్టాక ఇనుము చేతులు మారకూడదని గరిగ మర్నాటిదాకా మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆ రాత్రి ఆయన విస్తరాకులో తింటుంటే, కంచం ఏదిరా అని అత్తగారు అడిగి అడిగి నవ్వారు.

ఇప్పుడు ఆ బావి మీద బండ పరిచి మోటారు బిగించారు. మీట నొక్కితే నీళ్లు. సుఖమే, కాదనను. కాకపోతే ఒకరింటి కంచం ఇంకొకరింట్లో రాత్రంతా ఉండాల్సిన అవసరం పోయింది. మనవరాలి పాఠంలో పెనుగులాట అంటే ఒంటరి మనిషి పనిలా ఉంది. నాకు మాత్రం ఆ మాట వింటే నా తాడు పట్టుకుని ఇంకో ఇద్దరు కనపడతారు. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు.

రాశావా తల్లీ? ఏదీ, చెంబు పైకొచ్చిన దగ్గర్నుంచి ఒకసారి చదివి వినిపించు.