సైరన్ మోగిన పరీక్ష

మా కాలేజీకి పెద్ద గేటు లేదు, పూలమొక్కలు లేవు. గోదావరిఖనిలో ఒక హార్డ్‌వేర్ దుకాణం మీద నాలుగు గదులు, అంతే. అయినా దాన్ని ఎవరైనా చులకన చేసి మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది.

దాన్ని పెట్టిన సారు మొదట్లో పటాలం నుంచి రిటైరై వచ్చిన నలుగురికి కంప్యూటరు నేర్పాడట. అది చూసి బాయి పనివాళ్ళు మాకూ చెప్పమని వెంటపడ్డారు. బొగ్గుగనిని మేం బాయి అంటాం. బాయిలో షిఫ్టులు వారం వారం మారతాయి కాబట్టి సారు ఒకే పాఠాన్ని రోజుకు మూడుసార్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరికి డ్యూటీ లేని పూట వాళ్ళకు. ఇప్పటికీ అదే పద్ధతి. ఆయన గొంతుకు దండం పెట్టాలి.

నేను చేరేనాటికి నాకు నలభై దాటాయి. బాయిలో పనిచేసే మా ఆయన ఊపిరితిత్తులు పాడై మెడికల్ అన్‌ఫిట్ అయితే, కంపెనీ ఆయన బదులు నాకు ఉద్యోగమిచ్చింది. నేల పైనుంచే బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో పని. ఆ ఎండలో, ఆ దుమ్ములో ఇంకా ఇరవై ఏళ్ళా అనుకుంటే గుండె జారిపోయేది. ఈ కోర్సు పాసైతే ఆఫీసు పనికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. నా ఆశంతా దాని మీదే.

నా పక్కన కూర్చునే ఆయనను మిలిటరీ అన్న అనేవాళ్ళం. పటాలం నుంచి వచ్చేసి, పెద్దపల్లిలో ఏదైనా ఆఫీసులో కుదురుకోవాలని చదివేవాడు. మౌస్ ముట్టుకుంటే పేలుతుందేమో అన్నట్టు బిగుసుకునేవాడు. నేను ఊరుకుంటానా, రోజూ ఆటపట్టించేదాన్ని.

చివరి పరీక్ష మధ్యాహ్నం పడింది. సగం రాశానో లేదో, ఓపెన్‌కాస్టులో బండ పేల్చే ముందు కొట్టే బ్లాస్టింగ్ సైరన్ మోగింది. పనిలో ఉండగా ఆ సైరన్ వినిపిస్తే చేతిలో ఏదున్నా వదిలేసి దూరంగా పోవాలి. పక్క మనిషిని వదిలి పోకూడదు. ఊళ్ళో ఉన్నప్పుడు దాన్ని పట్టించుకోను గానీ, ఆ పరీక్ష ధ్యాసలో నాకు ఆలోచనే రాలేదు. పెన్ను పడేసి, మిలిటరీ అన్న చెయ్యి పట్టి గుంజుకుంటూ వరండాలోకి పరుగెత్తాను. ఆయన ఒక్క మాట అడగకుండా నాతో వచ్చేశాడు.

అక్కడ నిలబడ్డాక గానీ నేనెక్కడున్నానో తెలియలేదు.

హైదరాబాదు నుంచి వచ్చిన ఎగ్జామినరు మేడం గుమ్మంలో నిలబడి, "హాలు దాటారు కదా, ఇక మీ ఇద్దరి పేపర్లూ అయిపోయినట్టే" అంది. నా సంగతి సరే, ఆయన కడుపు కూడా కొట్టానే అని ఏడుపొచ్చింది.

సారు పరుగున వచ్చాడు. "మేడం, ఆమె ఓపెన్‌కాస్టుల పనిచేస్తది. సైరన్ ఇని లేవకపోతే పాణం మీదికొస్తది. పరీక్షల మోగినా లేవొద్దని నేనే చెప్పలే. తప్పు నాది" అన్నాడు.

మేడం తల అడ్డంగా ఊపుతుండగానే బ్లాస్టింగ్ జరిగింది. కిటికీలు గడగడలాడాయి, పైనుంచి సున్నం రాలింది. మాకు రోజూ ఉన్నదే. మేడం మాత్రం పేపర్ల కట్టతో సహా వరండాలోకి దూకి నా భుజం పట్టుకుంది.

"రోజూ ఇంతేనా?"

"ఊళ్ళె గింతే మేడం. దగ్గరుంటే తెలుస్తది" అన్నాను.

ఆ కట్టలోంచే మా పేపర్లు తీసి మాకిచ్చింది. పోయిన టైము మాత్రం తిరిగి రాలేదు.

నేను పాసయ్యాను. మిలిటరీ అన్న కొద్ది మార్కుల తేడాతో తప్పాడు. సారు ఆయనను మళ్ళీ మొదటి పాఠం నుంచి కూర్చోబెట్టాడని తెలిసి, సిగ్గుతో చచ్చిపోతూ కాలేజీకి వెళ్ళాను.

"నా వల్లనే గిట్లయింది అన్నా. నన్ను తిట్టు."

ఆయన నవ్వాడు. "ఏందక్కా, పాణం కాపాడిన మనిషిని తిడ్తరా?"

"ఏం పాణం? అది పరీక్ష హాలు!"

"అది నాకు తెల్వది, గప్పుడు నీకూ తెల్వది. పటాలంల నన్ను గట్ల గుంజినోడు ఒక్కడే ఉండె. నేను బతికొచ్చిన, ఆయన రాలే. పేపరుదేముందక్కా, మళ్ల రాస్త."

రాశాడు, పాసయ్యాడు. ఆయన రాసిన రోజు నేను కొత్త ఆఫీసుకు సెలవు పెట్టి, పరీక్ష అయ్యేదాకా వరండాలోనే కూర్చున్నాను.