ఒక అడుగు, ఒక గీత

“జర నడువు, సూస్త,” అన్నడు మా ఆయన, తలుపు కాడ నిలబడి.

“నా కుంటి కాళ్లు ఇయ్యాల్నే కనబడ్డయా? తిని పో.”

“నడువే.”

పొయ్యి కాడికెల్లి గడప దాక నడిచిన. ఇంకోపారి నడవమన్నడు. నడిచిన. “చాలు. నేర్సుకున్న,” అని ఎల్లిపోయిండు. అవ్వే మా ఆఖరి మాటలు.

టీవీల ఆయన్ని గేట్ల రాక్షసుడు అంటున్నరు. ఆయన ఫౌజ్ కత ఆయనే చెప్పాల్సింది. లేడు. నాకు చెప్పింది చెప్పినట్టు చెప్తున్న. నా తమ్ముని బిడ్డ మౌనిక రాస్తున్నది.

మంచు కొండ మీద చౌకీ. అక్టోబర్‌ల హెలికాప్టర్ దింపి పోయింది. చెట్టు లేదు, పిట్ట లేదు. పొద్దుగాల నాలుగింటికి లేసి మంచు ఊడ్చుడు. రెండు జతల సాక్సులు, తెల్ల కోటు, వీపు మీద రేడియో. బంకర్‌ల ఆరుగురు, ఒక మిషన్. దానికి తుపాకి ఉంటది, కన్ను ఉంటది. మొఖం సూడదు. ఆ చలికి అందరి మొఖాలు కప్పే ఉంటయి. నడక సూస్తది. తెల్సిన నడకైతే పచ్చ దీపం. తెల్వనిదైతే ఎర్ర దీపం, ఎనకనే తూటా. ఒక్కొక్క జవాన్ను దాని ముందర నడిపించి నేర్పుడు మా ఆయన డ్యూటీ.

వంట చేసే జవాను గుంటూరు దిక్కాయన. “ఏమయ్యా నల్లగొండా, ఉన్న ఒక్క హీటరూ దీనికే పెట్టావు. తిని కూర్చోవడం, దుప్పటి కప్పించుకోవడం. అచ్చం కొత్తల్లుడే!” అనెటోడట.

“మా అత్తగారింట్ల నాకు గింత మర్యాద జరగలేదన్నా,” అనెటోడట మా ఆయన.

గానాటికెల్లి దాని పేరు అల్లుడు.

జనవరిల కిరోసిన్ ఒడిసింది. వంటన్న డబ్బా తేను కింది చౌకికి దిగిండు. తుపాను పట్టుకున్నది. రేడియోల కింది చౌకి మాట బందైంది. రెండొద్దులకు గాలి ఆగింది. తెల్లారి ఆరింటికి కిందికెల్లి ఒక మనిషి ఎక్కొస్తున్నడు. మంచుకు ఎడమ కాలి వేళ్లు సచ్చిపోయినయి వంటన్నకు. గా సంగతి పైనోళ్లకు తెల్వది. అల్లుడు ఎర్ర దీపం ఏసిండు.

మా ఆయన రేడియోల పెద్ద క్యాంపు ఆఫీసరును అడిగిండు: “సాబ్, మా వంటన్న లెక్కనే ఉన్నడు. కుంటుతున్నడు. మిషన్ బంద్ చేస్త.”

“ముట్టకు. మనోడైతే మిషన్ పచ్చ ఇస్తుండె.”

“చేతుల డబ్బా మనదే సాబ్.”

“హుకుం ఇనబడ్డదా?”

“ఇనబడ్డది సాబ్.”

చెయ్యి స్విచ్చు మీదనే ఉన్నది. నొక్కలే. అల్లుడు పేల్చిండు.

దిగి సూస్తే కొత్త మంచు మీద ఆనవాళ్లు. ఒక అడుగు, ఒక గీత. ఒక అడుగు, ఒక గీత. డబ్బా కాడ ఆగినయి.

ఫౌజ్ ఇడ్సి వచ్చినంక కొత్తపేటల కిరాయికి దిగినం. మా ఊరి ఫ్లోరైడ్ బోరు నీళ్లకు నా మోకాళ్లు చిన్నప్పుడే వంకర పోయినయి. ఎడమ కాలు ఈడుస్త. వాకిలి కడిగి లోపటికొస్తే బండల మీద తడి జాడ పడేది. ఆయన గుడ్డ తెచ్చి, కూసొని తుడిచెటోడు. “ఫౌజోళ్లకు సాఫ్ పిచ్చి,” అని నవ్విన. ఒకనాడు తుడుసుకుంటనే ఏడ్చి, గిదంత చెప్పిండు.

ఎల్బీనగర్‌ల పెద్ద అపార్ట్‌మెంట్ల గేటు కాడ కొలువు దొరికింది. అక్కడికీ అల్లుడొచ్చిండు. తుపాకి లేదు, అదే కన్ను. దానికి నడకలు నేర్పుడు ఇక్కడ గూడ ఆయన పనే. పట్నమంత గేట్లకు గవే. అన్నిటికి ఒక్కటే బుర్ర. ఒక కాడ నేర్పితే అన్నిటికెక్కుతది.

నేను టిఫిన్ డబ్బా పట్టుకొని పోయిన. ఎర్ర దీపం నా మీద పడ్డది, సైరన్ మోగింది. మా ఆయన ఉరికొచ్చి నన్ను కింద పడేసి మీద పండిండు. ఆయన గుండె నా వీపుకు కొట్టుకుంటుండె. జనం సెల్లులు తీసిండ్రు. “అంకుల్, అది సైరనే, గన్ కాదు,” అని ఒకామె నవ్వింది.

వారం దాటలే, నన్ను నడవమన్నడు. పోయి, అల్లుని బుర్రల ఉన్న నడకలన్ని తుడిచేసిండు. ఒక్కటే నేర్పిండు.

పొద్దెక్కేసరికి పట్నంల కుంటెటోళ్లకే గేట్లు తెరుసుకుంటున్నయి. ఒక దవాఖాన గేటు కాడ ఒక బాలింత ఆటోలనే నెత్తురు పోయి సచ్చిపోయింది. మా ఆయన ఫోన్ల సూసిండు. మిషన్ బంద్ చేసే స్విచ్చు ఆయన కాసే గేటవతలి గదిల ఉన్నది. ఈసారి ఎవరి హుకుం అడగలే. కుంటుకుంట పోతే గేటు ఇడుస్తుండె. యాది రాలే. ఫౌజోని ఉరుకుడు ఉరికిండు. ఇనుప గేటు నడుమ పడి నలిగి సచ్చిపోయిండు.

ఆ బాలింత తల్లి మా ఇంటికొచ్చింది. తిట్టలే. “మా బిడ్డ మీ ఆయనకు ఏం చేసిందమ్మా?” అన్నది. గా జవాబే ఇప్పుడు రాయిస్తున్న.

ఏం చెయ్యలే తల్లీ. నీ బిడ్డ ఏం చెయ్యలే. మాఫీ అడుగుతలేను. అడిగే మొఖం లేదు. నువ్వడిగినవు, ఎట్ల జరిగిందో నీకు తెల్వాలె. గంతే.

పోలీసోళ్లు ఆయన అల్లునికి నేర్పిన నాటి కెమెరా బొమ్మ సూపించిండ్రు. “ఎవర్ని ఎక్కిరిస్తున్నడు?” అని అడిగిండ్రు. గేటు ముందర ఒక్కడే ఉన్నడు. మోకాళ్లు వంచి, ఎడమ కాలు ఈడ్సుకుంట, చెయ్యి నడుము మీద పెట్టి. నేను అట్లనే పెట్టుకుంట. గింత దూరం పోతడు, మర్లుతడు. పొయ్యి కాడికెల్లి గడప దాక ఎంతనో అంతే. కండ్లు మూసినా గదే నడుస్తది.

ఏడ్వకు మౌనికా. రేపు ఆ తల్లి ఇంటికి పోదాం, ఆమె ముందట నువ్వే సదవాలె. మొదటికెల్లి ఒకపారి సదువు బిడ్డా, నేను ఇనాలె.