యేసుపాదంగారి గొంతు

1974 డిసెంబరు. విజయవాడ గవర్నరుపేటలో, ఒక మేడ కింద రోడ్డు వైపు గదిలో గిటారు నేర్పేవాణ్ణి. మా తాతగారి రోజుల్లో మా ఇంట్లో వీణ విద్వాంసులకు బస, భోజనం ఉండేవి. భూములన్నీ పోయాక మిగిలినవి వాళ్ళ దగ్గర నేర్చిన శ్రుతిజ్ఞానం, మా నాన్నగారు మద్రాసులో కొన్న గిటారు. ఆ రెండింటితోనే బతికాను. ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు.

నా గదిలో ఒక నియమం. శ్రుతి లేకుండా ఎవరూ నోరు విప్పకూడదు. ముందు కార్డు పట్టాలి, తరవాతే పాట. కార్డు అంటే నాలుగైదు తీగలు ఒక్కసారిగా మీటితే వచ్చే స్వరాల గుంపు. జి, సి, డి అనే మూడు కార్డులు వస్తే చాలా పాటలకు సరిపోతాయి. ఎవరొచ్చినా మొదట అవే నేర్పేవాణ్ణి.

యేసుపాదంగారు ఉయ్యూరు వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బళ్ళు తూచే కాటా గుమాస్తా. నలభై అయిదేళ్ళుంటాయి. ఆదివారం ప్రార్థన అయ్యాక బస్సెక్కి వచ్చారు.

"పాట రాయాలండి. నేనే రాసి, నేనే వాయిస్తూ పాడాలి."

"గిటారు ఎప్పుడైనా పట్టుకున్నారా?"

"చర్చిలో ఉన్నదాన్ని దులిపానండి."

నాకు నవ్వు రాలేదు. ఎవరికోసం పాట అని అడిగాను. భార్య రూతమ్మ పోయి మార్చికి ఏడాది. ఆ రోజు జ్ఞాపకార్థ కూడికలో పాడాలి. "ఆవిడ వాళ్ళ తమ్ముడు నడిపే క్వయర్‌లో పాడేదండి. బతికున్నన్నాళ్ళూ నన్ను ఒక్కసారి నోరు తెరవమంది. తెరవలేదు."

మూడు కార్డులకే నెల పట్టింది. తరవాత మొదటి పాట తెచ్చారు. రెండు లైన్లకే ఆపాను.

"ఇది సినిమా పాట వరస."

"వరస అదేనండి, మాటలు నావి. చర్చిలో మేము అలాగే కట్టుకుంటాం."

"అయితే సగం పాటే మీది. మిగతా సగం కూడా రాసుకురండి."

రెండో పాట 'ఓ సద్గుణవతీ, సతీ శిరోమణీ' అని మొదలైంది.

"ఇంట్లో ఆవిణ్ణి ఇలాగే పిలిచేవారా?"

"అమ్మో, లేదండి. రూతమ్మా అనేవాణ్ణి."

"ఆ పిలుపే రాయండి. ఆవిడ ఏం మాట్లాడేదో రాయండి."

"ఎక్కువ తిట్టేదండి."

"తిట్లే రాయండి!"

మూడోసారి తెచ్చింది ఇది:

ఆరేసిన చీర మీద మసి పడుతోంది రూతమ్మా
మీ ఫ్యాక్టరీ అని తిట్టడానికి నువ్వు లేవు

చెరకాడే రోజుల్లో గొట్టం మసి వచ్చి బట్టల మీద వాలుతుంది. ఫ్యాక్టరీ ఈయన సొంతమైనట్టు ఆవిడ 'మీ ఫ్యాక్టరీ' అని దులిపేదట. ఆవిడ చీర ఈయన ఇంకా ఉతికి ఆరేస్తున్నారు. నేను ఒక్క మాట మార్చలేదు. వరస కూడా ఎవరిదీ కాదు.

పాడితే మాత్రం భరించలేకపోయాను. రెండో లైను పైకి వెళ్ళేసరికి గొంతు చీలిపోయేది. నాలుగు ఆదివారాలు అదే తంతు.

"శ్రుతి చూసుకోండి."

"చూస్తున్నానండి."

"ఎక్కడ చూస్తున్నారు, గోడ మీదా?"

చివరికి చెప్పేశాను. "కొందరికి చెవి ఉండదు యేసుపాదంగారూ. కాగితం మీ బావమరిదికి ఇవ్వండి. క్వయర్ నడిపేది ఆయనేగా, పాడతారు."

ఆయన ముఖం వాడిపోయింది. "మా దావీదు అప్పుడే అన్నాడండి. 'బావా, బతికున్నప్పుడు మా అక్కని ఏడిపించింది చాలక ఇప్పుడు పాడి ఏడిపిస్తావా' అని. నవ్వుతూనే అన్నాడు. అయినా వాడి చేతికివ్వను."

కూడికకు ఇంకా రెండు వారాలుంది. ఆ రోజు పాఠం మధ్యలో తీగ తెగింది. నా దగ్గర ఇంకొకటి లేదు, షాపులన్నీ మూసి ఉన్నాయి. చిరాకు పట్టలేక, "ఇంతదూరం వచ్చారు, ఊరికే పాడి వెళ్ళండి" అన్నాను.

నేల చూస్తూ పాడారు. ఒక్క స్వరం పక్కకు పోలేదు. మళ్ళీ పాడించి, మిగిలిన తీగల మీద వెతికాను. ఆయన షడ్జం, అంటే పాట నిలబడే స్వరం, డి దగ్గరుంది. నేను పట్టించిన జి కంటే చాలా కింద.

"ఈ పాట ఎక్కడ కట్టారు?"

"కాటా దగ్గరండి, బండికీ బండికీ మధ్య."

"అక్కడ ఇంత కిందే పాడుకుంటారా?"

"అవునండి. ఇక్కడ మీరు జి పట్టమన్నారని పైకి లాగుతున్నా."

"ఇన్నాళ్ళూ చెప్పరేం?"

"శ్రుతి లేకుండా నోరు విప్పొద్దన్నారు కదండీ."

డిలో పాడటానికి ఆయనకు డి, జి వచ్చే ఉన్నాయి. కొత్తగా కావలసింది ఒక్క ఎ కార్డు. అరగంటలో పట్టుకున్నారు. తప్పు నాదని చెప్పడానికి నాకు ఆ అరగంటా పట్టింది. "ఫర్వాలేదండి, ఇంకా రెండు వారాలుంది" అన్నారాయన. కోప్పడి ఉంటే నాకు సులువుగా ఉండేది.

కూడికకు వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను. దావీదు ఆయన పక్కనే పాటల పుస్తకం తెరిచి నిలబడ్డాడు, బావ తడబడితే అందుకోవడానికి. యేసుపాదంగారు మొదటి లైను నిబ్బరంగా పాడారు. 'నువ్వు లేవు' దగ్గర ఆగిపోయారు. చెయ్యి మాత్రం ఆగలేదు, డి కార్డు మోగుతూనే ఉంది. దావీదు బావ వంక చూసి పుస్తకం మూశాడు. నాలుగు ఆవృత్తాల తరవాత ఆయన మళ్ళీ అందుకుని, చివరిదాకా పాడారు.

బయటికి వచ్చేటప్పుడు దావీదు నాతో, "మా బావకి గొంతుందని మా అక్కకి తెలియకుండానే పోయింది మాస్టారూ" అన్నాడు.

ఆ తరవాత ఎవరు నేర్చుకోవడానికి వచ్చినా ముందు గిటారు పెట్టెలోంచి తీయలేదు. ఏదో ఒకటి పాడమని, వాళ్ళ షడ్జం ఎక్కడుందో చూసుకుని, అక్కడికి సరిపోయే కార్డులు నేర్పాను. అయితే యేసుపాదంగారి కంటే ముందు, చెవి లేదని చెప్పి పంపించేసినవాళ్ళు కొందరున్నారు. వాళ్ళలో నిజంగా చెవి లేనివాళ్ళు ఎంతమందో తెలుసుకునే దారి నాకు లేదు.