నేను రాయని గంప

మొన్న మా మనవరాలు, ఆడిటరు పరీక్షకు చదువుతున్న పిల్ల, వరండాలో కూర్చుని పాఠం బిగ్గరగా వల్లె వేస్తుంటే నా చెవిన పడింది. నడుస్తున్న వ్యాపారాన్ని, యంత్రానికో ధర సరుకుకో ధర అని విడగొట్టకుండా, మొత్తం ఒకే ధరకు అమ్మేస్తే వచ్చే లాభం మీద పన్ను ఎలా వేస్తారన్నది ఆ పాఠం. దీన్ని తెలుగులో ఏమంటారు తాతా అని అడిగింది. గంపగుత్త అన్నాను. అంత పెద్ద ఇంగ్లీషు పేరుకు ఇంత ముద్దు మాటా అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మాట వింటే ఇప్పటికీ నా మీద నాకే మండుకొస్తుంది.

ఆంధ్ర రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయిన కొత్త. ప్రొద్దుటూరులో ఒక వకీలు దగ్గర నేను గుమాస్తాగా చేరి ఏడాది కూడా కాలేదు. మా మామకు, అంటే అమ్మ తమ్ముడికి, ఆ ఊళ్ళోనే శెనక్కాయలు కొట్టి నూనె ఆడించే చిన్న మిల్లు ఉండేది. ఆ పొట్టు దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చి పీల్చి ఆయన ఊపిరి పాడైంది. నాలుగు మాటలు మాట్లాడితే ఐదోది దగ్గే. ఇంకో రెండేళ్ళు అందులోనే ఉంటే మనిషి దక్కడని డాక్టరు చెప్పాక, మిల్లు అమ్మేసి, తొండూరు దగ్గర బావి ఉన్న తోట కొనుక్కుని, మంచి గాలి పీలుస్తూ బతుకుదామని ఆశపడ్డాడు. తోటకు బయానా కూడా ఇచ్చాడు.

మిల్లు కొన్నది జమ్మలమడుగు సాయిబు, మామకు చిన్ననాటి స్నేహితుడు. షెడ్డు ఎటూ బాడుగదే. మిషన్లు, కాయల బస్తాలు, మిల్లు పేరు, వాడుకగా వచ్చే రైతులు, పనిచేసే తొమ్మిది మంది, అన్నీ కలిపి ఒక్క మాట, ఒక్క రేటు. దేని ధర ఎంతని ఇద్దరూ అనుకోలేదు. స్నేహితుల మధ్య అది నామోషీ. పనివాళ్ళను మాత్రం తీసెయ్యకూడదని మామ మాట తీసుకున్నాడు. "గంపగుత్తగా ఇచ్చేసినానని రాయప్పా, ఇంగేం వద్దు" అన్నాడు నాతో.

రాశాను. ఎట్లా రాశాను! ఇంటర్మీడియట్ చదివినవాణ్ణి కదా, స్టాంపు కాగితం మీద గంప ఏమిటి, ఇదేమన్నా వంకాయల బేరమా, మోటుగా ఉంటుందనుకుని, గంపను తీసేసి 'గుత్తకు ఇచ్చినాను' అని గుండ్రటి అక్షరాలతో రాసి పారేశాను. మన పక్క గుత్తకివ్వడమంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా? పొలం గుత్తకిస్తాం, చింతచెట్టు గుత్తకిస్తాం, అంటే కౌలుకే కదా. గంప పోయేసరికి అమ్మకం కాస్తా కౌలైపోయింది. వకీలు హడావిడిలో చూడలేదు. సాయిబుకు తెలుగు చదవడం రాదు. మామకు వచ్చు గానీ, అల్లుడు రాసినదాన్ని మళ్ళీ చదవడమేమిటని చదవలేదు.

ఆస్తి అమ్మితే వచ్చే లాభం మీద పన్ను అప్పుడే మళ్ళీ పెట్టారు. అమ్మకమైతే మామ పెట్టుబడి పోగా మిగిలిన లాభం మీదే పన్ను, అదేమంత భారం కాదు. కౌలైతే మాత్రం చేతికొచ్చిన ప్రతి రూపాయీ ఆ ఏటి ఆదాయమే. కడపలో పన్నుల అధికారి కాగితం ముందు పెట్టుకుని ఇది కౌలే అన్నాడు. సాయిబు పనిగట్టుకుని వచ్చి "నేను కొన్నా సార్, కౌలు యాడిది?" అని మొత్తుకున్నా, పన్ను ఎగ్గొట్టడానికి ఇద్దరూ కూడబలుక్కున్నారనుకున్నాడు. ఆఖరికి, ఈ మాట రాయమన్నదెవరని అడిగాడు. రాసినవాడు తప్పు తనదని వాంగ్మూలం ఇస్తే ఆలోచిస్తానన్నాడు.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. నా పక్కన మా వకీలు. కాగితం తప్పు రాశానని ఒప్పుకుంటే ఈ పని ఊడుతుంది, ప్రొద్దుటూరులో ఇంకెవరూ నా చేతికి కాగితం ఇవ్వరు అనుకుంటూ తల వంచుకుని చేతిలోని కాగితాల కట్ట సర్దుకున్నాను. మామ నా మొహం వైపు ఒకసారి చూశాడు. తర్వాత దగ్గు ఆపుకుంటూ, "నేనే సార్. నేను చెప్పిందే వాడు రాసినాడు. పిల్లోని తప్పేం లేదు" అన్నాడు. అధికారి అదే రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. పైన అప్పీలు చేసినా ఆ సంతకమే అడ్డమొచ్చింది.

పన్ను కట్టేసరికి తోట కోసం ఉంచిన డబ్బు పోయింది, బయానా పోయింది. "పోనీలే అల్లుడా, దుడ్లదేముంది" అని నన్నే ఓదార్చి, మామ అదే మిల్లులో సాయిబు దగ్గర జీతానికి కుదిరాడు. సాయిబు ఆయన కుర్చీ వాకిలి బయట వేయించాడు పాపం, కానీ దుమ్ముకు వాకిలి ఏం అడ్డం? డాక్టరు చెప్పిన రెండేళ్ళు కూడా నిండలేదు.

ఇప్పుడు తొండూరు పక్క ఎటు చూసినా చీనీ తోటలే. ప్రొద్దుటూరులో ఆ మిల్లు ఉన్న చోటు నాకే గుర్తు పట్టడం కష్టమైంది. కాగితం తప్పు పోతే సవరించుకునే దారులు ఇప్పుడు ఎన్నో; కానీ మాట మీద నిలబడి ఇంకొకరి తప్పు నెత్తిన వేసుకునే మనుషులే కనబడరు. నేను ఆ వకీలు దగ్గరే జుట్టు నెరిసేదాకా పనిచేశాను. కాగితమంటే నా చేతే రాయించాలని ఊళ్ళో పేరు కూడా తెచ్చుకున్నాను. ఆ తప్పు నాదని మా అత్తకు చెప్పాలని ఎన్నిసార్లు వాళ్ళింటికి వెళ్ళానో లెక్కలేదు. వెళ్ళిన ప్రతిసారీ ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి, తిరిగి వచ్చేశాను.