అతికించిన కప్పు

వెర్డెల్ టమాటాతో వండే ఎర్రన్నం నచ్చనివాడు కరోలినా తీరంలో ఎవడైనా ఉన్నాడంటే వాడి నాలుకే మంచిది కాదనుకోవాలి. ఏ వరి ఎస్టేటు బంగళాలో ఆమె ముత్తవ్వలు బానిసలుగా చాకిరీ చేశారో, ఆ బంగళానే ఇప్పుడు రెస్టారెంటు. అక్కడి వంటమనిషి వెర్డెల్.

"ఆ ఇంటికే పోతున్నావు, సిగ్గులేదటే?" అని చర్చిలో దెప్పేవాళ్లు.

"అప్పుడూ వండింది మనమే. ఇప్పుడు జీతమిస్తున్నారు, అంతే తేడా," అనేది.

ఆ శనివారం మాత్రం ఆమె మనసు వంట మీద లేదు. కూతురు ఆస్పత్రిలో నొప్పులు పడుతోంది. పొద్దుటి నుంచి ఏ కబురూ లేదు.

వంటింటి తలుపు సందులోంచి వెర్డెల్ హాల్లోకి చూసింది. కిటికీ పక్క బల్ల మీద నీలం అంచు కప్పు, అందులో పూలు. అవ్వ బినా ఆఖరుసారి కాఫీ తాగిన కప్పది. దాన్ని పగలగొట్టి, బంగళా వెనక అడవిలో అవ్వ సమాధి మీద పెట్టింది తనే. పోయినవాళ్ల వస్తువు పగిలితేనే చావు గొలుసు తెగుతుంది. లేదంటే ఇంట్లో ఇంకొకరిని లాక్కుపోతుంది. ఇప్పుడా కప్పుని ఎవరో జిగురుతో అతికించారు.

వంటవాళ్లు అడుగుపెట్టని హాల్లోకి మసి గుడ్డతోనే నడిచింది. యజమాని విట్‌ఫీల్డ్ ఎదురొచ్చాడు.

"ఇక్కడికొచ్చావేంటి వెర్డెల్?"

"ఈ కప్పు ఎక్కడిది సార్?"

"వెనక అడవిలో పడున్నాయి, అన్నీ పగిలినవే. నేనే కూర్చుని అతికించా. బావున్నాయి కదూ?"

"అవి పడున్నవి కావు సార్, మేం పెట్టినవి. అక్కడ మావాళ్లున్నారు."

"సర్లే, రేపు మాట్లాడదాం. అందరూ చూస్తున్నారు."

"రేపటిదాకా నా బిడ్డ ఆగదు."

"దాన్ని ముట్టుకున్నావంటే ఇక వంటింటి మొహం చూడక్కర్లేదు!"

ఆమెకు కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది. ఈ పని కాకపోతే ఇంకో పని, కూతురు మాత్రం ఒక్కతే. పూలు తీసి పక్కన పెట్టింది. కప్పుని బల్ల అంచుకేసి కొట్టింది.

"ఇక కనవే తల్లీ," అంది, ముక్కల వంక చూస్తూ.

వడ్డించే జొసాయా చేతిలో పళ్లెం దించి, పక్క బల్ల మీది అతికించిన కూజా ఎత్తాడు.

"వెర్డెలక్కా, ఇది మా నాన్నది," అన్నాడు.

విట్‌ఫీల్డ్ నోరు తెరిచేలోపే అదీ పగిలింది.